అమ్మలు నొక్కింది

పెదనాన్న పోయిన ఏడాదికి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"అమ్మలూ, ఆయన కెమెరాల పెట్టె అలాగే ఉందే. ఏదో ఒకటి తేల్చమని మీ అన్నయ్య అంటున్నాడు. నాకేం తెలుస్తుంది చెప్పు? ఆ పెట్టె ముందు ఆయనతో కూర్చున్నది నువ్వే కదా. నువ్వొచ్చి చూడు."

కూర్చున్న మాట నిజమే. సెలవులకి వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఎప్పుడు తెరుస్తాడా అని ఎదురుచూసేదాన్ని. మూత లేవగానే తోలు వాసన, ఇనుప వాసన, ఏదో మందు వాసన కలిసి గుప్పుమనేవి. పెదనాన్న నేల మీద పాత దుప్పటి పరిచి, ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టేవాడు. నా పని లెన్సు మూతలు పట్టుకోవడం. ఆయన ఒక్కడే ఉంటే మూత చొక్కా జేబులో ఉండేది, నేను పక్కనుంటే నా గుప్పిట్లో ఉండేది. ఇంట్లో మిగతా పిల్లలెవరికీ ఆ ఉద్యోగం లేదు.

వాసన గుర్తుంది, వరస గుర్తుంది. వాటి పేర్లు మాత్రం తెలియవు. 'యాషికా' అన్న ఒక్క మాట తెలుసు. అది కూడా ఆ కెమెరా నుదుటి మీద రాసుంది కాబట్టి.

అన్నయ్య ముందే చెప్పేశాడు. "నాకు వాటిమీద మమకారం లేక కాదు అమ్మలూ. మూలన పడి ఉంటే అవి ఇంకా పాడవుతాయి. మొత్తం కలిపి ఎవరికైనా ఇచ్చేద్దాం. పాతవి కదా, విలువ కూడా ఉంటుంది." అందులో మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. వాడని కెమెరా వాడిన కెమెరా కన్నా తొందరగా చెడిపోతుంది. రెండో మాట గురించి నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. పాతదైనంత మాత్రాన విలువ రాదు. లక్షల్లో తయారైన కెమెరాలు చాలా ఉన్నాయి. వాటికి వయసు కన్నా అవి ఉన్న స్థితి ముఖ్యం. లోపల ఎంత శుభ్రంగా ఉంది, నొక్కితే పలుకుతోందా లేదా, కొనేవాళ్లు అడిగేది అదే.

"ఒక నెల టైమ్ ఇవ్వు అన్నయ్యా. ఏది ఏమిటో తెలుసుకోకుండా గడప దాటించొద్దు" అన్నాను. సరేనన్నాడు.

పెట్టె తెరవగానే మొదట అనిపించేది కెమెరా వెనక తలుపు తీసి చూడాలని. అదే చెయ్యకూడదు. లోపల రీలుంటే ఆ ఒక్క క్షణం వెలుతురుకి మొత్తం పోతుంది. 35 ఎంఎం కెమెరాకి పైన ఎడమ పక్క రీలు వెనక్కి చుట్టే గుండ్రటి బొడిపె ఉంటుంది. దాన్ని బాణం గుర్తు ఉన్న వైపుకి మెల్లిగా తిప్పాలి. వదులుగా తిరిగితే లోపల ఏమీ లేదు. కాస్త తిరిగి బిగుసుకుంటే రీలుంది, అక్కడితో ఆగాలి. నిజం చెప్పాలంటే ఏదో ఒకదాంట్లో సగం తీసిన రీలు ఉంటుందని ఆశపడ్డాను. రెండు 35 ఎంఎం కెమెరాలూ వదులుగా తిరిగాయి.

యాషికాకి ఆ బొడిపె ఉండదు. దానికి వాడేది 120 రీలు. నల్ల కాగితంతో కలిపి ఒక స్పూలు మీద నుంచి ఇంకో స్పూలు మీదకి చుట్టుకుంటుంది, వెనక్కి చుట్టే పని లేదు. పక్కనున్న కౌంటర్‌లో 'ఎస్' అక్షరం కనిపిస్తోంది. రీలు తీసేశాక అది మొదటికొస్తుందని తెలుసు, అయినా నమ్మకం చాలక, రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, దుప్పటి కిందకి రెండు చేతులూ పెట్టి తలుపు తీశాను. వేళ్లతో తడిమాను. కింద గదిలో ఏమీ లేదు. పై గదిలో ఒక స్పూలు తగిలింది. గుండె ఝల్లుమంది. కానీ దాని మీద కాగితం లేదు, ఫిల్ము లేదు. నున్నటి ఇరుసు, మధ్యలో సన్నటి గాటు. ఖాళీ స్పూలు.

దాని అర్థం మర్నాడు ఉదయం గానీ తట్టలేదు. రీలు పూర్తయ్యాక పైనున్న నిండు స్పూలుని తీసేస్తాం. అప్పుడు ఖాళీ అయిన స్పూలు కింద మిగులుతుంది. దాన్ని తీసి పైన బిగిస్తేనే కొత్త రీలు ఎక్కించడానికి వీలవుతుంది. పెదనాన్న ఆఖరి రీలు తీసేసిన రోజే ఆ స్పూలుని పైకి మార్చి, తలుపు మూసి, తర్వాతి రీలు కోసం కెమెరాని సిద్ధం చేసి పెట్టాడు.

ఆ రోజు ఇంకే పనీ చేయలేకపోయాను.

తర్వాత ఒక్కొక్కదాన్నీ వెలుతురులో పెట్టి చదవడం మొదలుపెట్టాను. చదవడం అనే మాట కావాలనే వాడుతున్నా. కెమెరా పేరు సాధారణంగా ముందు భాగంలోనే ఉంటుంది. లెన్సు అద్దం చుట్టూ ఉన్న రింగు మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. తయారీదారు, ఎన్ని ఎంఎం, ఎంత వెలుతురు లోపలికి రానిస్తుందో చెప్పే అంకె, సీరియల్ నంబరు అన్నీ అక్కడే. ఏ దేశంలో తయారైందో వెనకో అడుగునో చెక్కి ఉంటుంది. ఒక నోట్‌బుక్కు తీసుకుని ఇవన్నీ రాసుకుంటూ పోయాను.

యాషికా పూర్తి పేరు యాషికా మ్యాట్-124జి. 1970 నుంచి 1986 దాకా తయారైన కెమెరా. 120 రీలు వేస్తే 12 ఫొటోలు, దానికి రెట్టింపు పొడవుండే 220 రీలు వేస్తే 24. పేరులో 124 అని అందుకే. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుంటాయి. పైది చూడ్డానికి, కిందది తియ్యడానికి. కిందది 80 ఎంఎం, ఎఫ్/3.5. కంటి దగ్గర పెట్టుకోరు, పొట్ట దగ్గర పట్టుకుని తల వంచి పైనుంచి చూస్తారు. ఫొటో తీస్తున్న పెదనాన్న ఎవరికో నమస్కారం పెడుతున్నట్టు కనిపించడానికి కారణం అదన్నమాట.

పైనున్న మూత లేపితే నాలుగు పక్కలా రేకులు నిలబడతాయి. వాటి మధ్య బావిలోకి చూసినట్టు ఒక చదరపు అద్దం, అందులో ఎదురుగా ఉన్న ప్రపంచం. ఇన్నేళ్ల తర్వాత ఆ మూత లేపినప్పుడు అద్దం మీద దుమ్ము, ఒక మూల సాలీడు గూడు. దాని వెనక నుంచే కిటికీ, కిటికీ అవతల చెట్టు మసక మసగ్గా కదులుతూ కనిపించాయి. పక్కనున్న చక్రం తిప్పాను. చెట్టు ఆకులు విడివిడిగా తేలాయి. ఆ చక్రం అంచు ఒక చోట నల్ల రంగు పోయి ఇత్తడి బయటపడింది. పెదనాన్న వేలు రోజూ ఆనిన చోటు. నా వేలు కూడా సరిగ్గా అక్కడే ఆనింది.

ఈ కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మూత లేపగానే దానంతటదే మేలుకుంటుంది. మూసేస్తే నిద్రపోతుంది. అది మాత్రం కదల్లేదు. బ్యాటరీ గది మూతని నాణెంతో తిప్పి తీస్తే లోపల ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంది. అందులో ఉన్నది 625 రకం మెర్క్యురీ సెల్లు, 1.35 వోల్టులది. పాదరసం విషం కాబట్టి వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. దాని బదులు అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులిస్తుంది, మీటరు తప్పు లెక్క చెబుతుంది. వినికిడి యంత్రాలకి వాడే జింక్-ఎయిర్ సెల్లు 1.4 దగ్గర నిలకడగా ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లు దాన్ని వాడతారు. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో కొంచెం తడిపి ఆ ఆకుపచ్చ పొడిని తుడిచాను. రెండు మూడు సార్లు తుడిచేసరికి లోపలి రేకు మెరిసింది. కొత్త సెల్లు వేస్తే ముల్లు కదిలింది. పాత సెల్లుని చెత్తబుట్టలో పడెయ్యలేదు, ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చాను.

నొక్కినప్పుడు తెరుచుకుని మూసుకునే షట్టరు మాత్రం ఇబ్బంది పెట్టింది. 1/500, 1/250, 1/125 సెకను వేగాలు బాగానే పలికాయి. ఒక సెకను దగ్గర పెట్టి నొక్కితే 'జ్‌ర్‌ర్' అంటూ సాగి సాగి, మధ్యలో ఒకసారి ఆగిపోయి, మళ్లీ నడిచి మూసుకుంది. పాత కెమెరాల్లో ఇది మామూలే. లోపల సన్నటి పళ్లచక్రాలకి పూసిన నూనె ఏళ్ల తరబడి కదలక బంకలా తయారవుతుంది. పెద్ద వేగాలకి ఆ చక్రాలతో పెద్దగా పని లేదు. చిన్న వేగాలన్నీ వాటి మీదే నడుస్తాయి. ఇలాంటప్పుడు ఇంట్లో కుట్టుమిషను నూనె చుక్క వేద్దామనిపిస్తుంది, వెయ్యకూడదు. ఆ నూనె పాకి షట్టరు రేకుల మీదకి చేరితే అవి ఒకదానికొకటి అంటుకుపోతాయి. చేయి తిరిగినవాళ్లు విప్పి, కడిగి, ఎండబెట్టి, ఎక్కడ కావాలో అక్కడే సూదిమొనంత నూనె వేస్తారు. అలాంటి ఒక పెద్దాయన దొరికాడు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రెండోది పెంటాక్స్ కే1000. 1976 నుంచి 1997 దాకా దాదాపు మార్పు లేకుండా తయారైంది. కెమెరా నేర్చుకునే విద్యార్థులకి ఒకప్పుడు మేష్టార్లు మొదట చెప్పే పేర్లలో ఇదొకటి. అంతా చేత్తోనే. ఒక్క మీటరుకి మాత్రమే బ్యాటరీ కావాలి, బ్యాటరీ లేకపోయినా ఫొటో తీస్తుంది. ఆ మీటరుకి ఆపే స్విచ్చి లేదు. లెన్సుకి మూత పెట్టడమే ఆపడం. మూత పట్టుకునే ఉద్యోగం ఎందుకంత ముఖ్యమో నాకు ఇప్పుడు తెలిసింది. ఫొటో అవగానే పెదనాన్న చెయ్యి చాపేవాడు, "మూత" అనేవాడు, నేను ఇచ్చేదాన్ని. నా ఆట నాదని అనుకున్నాను కానీ, ఆయన బ్యాటరీ ఆదా చేస్తున్నాడు.

దీని దగ్గర నేనొక తప్పు చేశాను. లోపలి అద్దం మీద మరక కనిపిస్తే మెత్తటి గుడ్డే కదా అని రుద్దాను. ఇంట్లో మనం చూసుకునే అద్దానికి పూత గాజు వెనక ఉంటుంది. కెమెరా అద్దానికి పూత గాజు పైనే, బయటికే ఉంటుంది. మరకతో పాటు ఆ పూత మీద సన్నటి గీతలు పడ్డాయి. ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్లు పెదనాన్న ఒక్క గీత పడకుండా చూసుకున్నది నా చేతిలో గీసుకుపోయింది. నొక్కినప్పుడు ఆ అద్దం పైకి లేచిపోతుంది కాబట్టి ఫొటోలో గీతలు రావు. చూసేవాళ్ల కంటికే కాస్త కనిపిస్తాయి. అయినా మనసుకి పట్టింది. పాత కెమెరా చేతికొచ్చినవాళ్లకి నేను చెప్పేదొకటే. అద్దాన్ని ముట్టుకోవద్దు, గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది వదిలెయ్యండి.

వెనక తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి పట్టీలుంటాయి, వెలుతురు దూరకుండా. అవి తారులా కరిగి వేళ్లకి అంటుకున్నాయి. ఆ కాలం జపాన్ కెమెరాల్లో చాలావాటికి ఇదే జబ్బు. పట్టీలు పాడైతే రంగు ఫొటోల్లో ఒక పక్క నారింజ రంగు మంటలా చార పడుతుంది. మా ఇంటి ఆల్బమ్ ఆఖరి పేజీల్లో అలాంటి చారలున్న ఫొటోలు నాలుగైదు ఉన్నాయి. ప్రింటు వేసినవాళ్లు పాడుచేశారనుకునేవాళ్లం.

మూడోది బరువైన రష్యన్ కెమెరా, జెనిత్-ఇ. దీంతో ఇటుక పగలగొట్టొచ్చని పెదనాన్న అనేవాడు. దాని మీద తయారీ గుర్తు, ఒక పట్టకం, దాన్ని దాటుతున్న వెలుగు గీత. అది మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ కర్మాగారం గుర్తు. వాళ్ల సీరియల్ నంబర్లలో మొదటి రెండంకెలు సాధారణంగా తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. దీని మీద 74 ఉంది. మీటరుకి బ్యాటరీ అక్కర్లేదు, ముందున్న తేనెపట్టు లాంటి సెలీనియం పలక వెలుతురు నుంచే కరెంటు పుట్టిస్తుంది. ఆ పలక చచ్చిపోయింది. షట్టరు తెర కూడా సగంలో ఆగిపోతోంది.

ఇది ఎప్పుడు పాడైందో తెలియాలంటే పెట్టె అడుగునున్న నోట్‌బుక్కుల దగ్గరికి రావాలి.

మొత్తం ఐదు నోట్‌బుక్కులు. వాటి సంగతి నాకు అసలు గుర్తు లేదు. ప్రతి పేజీకీ ఒక రీలు. పైన రీలు నంబరు, తేదీ, పక్కన ఒక అక్షరం. మొదటి రెండు పుస్తకాల నిండా 'జె'. మధ్యలో 'య' మొదలైంది. ఆ తర్వాత 'పె'. కాసేపటికి గానీ అర్థం కాలేదు. జెనిత్, యాషికా, పెంటాక్స్. ఆ కింద ప్రతి ఫొటోకీ ఒక వరస. మొదటి అంకె లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకె, రెండోది షట్టరు వేగం. '8, 125, మేడ మీద బట్టలు.' '16, 125, గట్టి ఎండ, మీటరు చూడలేదు.' ఎండ బాగా ఉన్నప్పుడు ఎఫ్/16 పెట్టి, షట్టరు వేగం ఫిల్ము మీద రాసుండే వేగం అంకెకి దగ్గరగా పెడితే చాలని ఫొటోగ్రాఫర్ల పాత లెక్క ఒకటుంది. 100 అంకె ఫిల్ముకి 1/125. ఆయన ఆ లెక్కనే నమ్మేవాడు.

జెనిత్ చివరి పేజీల్లో చేతిరాత కాస్త విసురుగా ఉంది. 'కుడి పక్క నలుపు. తెర ఆలస్యం.' మళ్లీ రెండు రీళ్ల తర్వాత, '500లో వద్దు. 60 లోపే.' ఇంకో మూడు రీళ్లకి, 'తెర రావడం లేదు. చాలు.' ఆ తర్వాత 'జె' అక్షరం ఎక్కడా లేదు. ఒక కెమెరా ముసలిదవుతుంటే ఆయన దాన్ని తొందరపెట్టకుండా, అది నడవగలిగినంత దూరమే నడిపించి, ఆగిపోయాక కూడా పారెయ్యకుండా గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు.

మిగతావి తొందరగానే తేలాయి. తోలు సంచిలో ఉన్న 135 ఎంఎం లెన్సు లోపల సాలెగూడు దారాల్లాంటి బూజు. లెన్సుని టార్చి వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూస్తేనే అది కనిపిస్తుంది. తోలు సంచి చెమ్మ పీల్చుకుని పట్టి ఉంచుతుంది కాబట్టి కెమెరాలకి అది రక్షణ కాదు, శత్రువు. బాగా ముదిరిపోయింది, మిగతా లెన్సుల పక్కన ఉంచడం ఇష్టం లేక తీసేశాను. పాత ఫ్లాష్ ఒకటుంది. అలాంటివి కొన్ని నొక్కినప్పుడు 200 వోల్టులు దాటి వదులుతాయి, ఇప్పటి డిజిటల్ కెమెరాకి తగిలిస్తే దాని ప్రాణం తీస్తాయి. పైగా లోపలి కెపాసిటర్‌లో కరెంటు నిలవుండిపోతుంది, విప్పి చూడ్డం ప్రమాదం. అది ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లోకి వెళ్లింది. ఫిల్ము కడిగే మందు పొట్లాలు గట్టిపడిపోయాయి, అవి కూడా పోయాయి. తాతయ్య నాటి మడత కెమెరా ఒకటి, 620 రీలు వేసేది. ఆ రీలు తయారీ 1995లో ఆగిపోయింది. చీకటి గదిలో దాని తోలు తిత్తి లోపల టార్చి వెలిగిస్తే మడతల దగ్గర చుక్కలు చుక్కలుగా వెలుతురు కారింది, నక్షత్రాలు పొడిచినట్టు. ఫొటోలకి పనికిరాదు. చూస్తే మాత్రం కడుపు నిండుతుంది.

అసలైన ఆస్తి రేకు డబ్బాల్లో ఉన్న నెగెటివ్‌లు.

పెదనాన్న నలుపు తెలుపు రీళ్లు తనే కడిగేవాడు. పల్చటి కాగితం కవర్లలో, ప్రతి కవరు మీద రీలు నంబరు. ఒక డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొట్టింది. ఫిల్ము కుళ్లడం మొదలైతే ఆ వాసన వస్తుంది, పక్కవాటికి కూడా అంటుకుంటుంది. అది వెంటనే వేరే చోట పెట్టాను. వాటినే ముందు స్కాన్ చేయించాను. మిగతావి ఫోన్ తెర తెల్లగా పెట్టి, దాని మీద నెగెటివ్ పరిచి, ఇంకో ఫోన్‌తో తీసి రంగులు తిరగేసి చూశాను. పనికి సులువు. ఏ కవరు తెరవాలో నోట్‌బుక్కు చెబుతుంది.

రీలు 187. య. చివరి వరస దగ్గర ఆగిపోయాను.

'12. 8, 30. అమ్మలు నొక్కింది. కదిలింది.'

ఆ రోజు గుర్తుంది. ఒక్కసారే, ఒక్కసారే ఆయన ఆ యాషికా నా మెడలో వేశాడు. బరువుకి మెడ వంగింది. తను ఎదురుగా వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. "నన్ను మధ్యలో పెట్టుకో. ఊపిరి బిగబట్టి నొక్కు" అన్నాడు. అద్దంలో పెదనాన్న ఎడమ పక్కన ఉన్నాడు. మధ్యలోకి తేవాలని కెమెరాని ఎడమకి తిప్పాను. ఆయన ఇంకా పక్కకి జరిగిపోయాడు. ఇంకా తిప్పాను, ఇంకా జరిగాడు. ఏం జరుగుతోందో అర్థం కాక, కంగారులో నొక్కేశాను. ఆ ఫొటో నాకెవరూ చూపించలేదు, నేను పాడు చేశానని అనుకున్నాను. చాలా ఏళ్లు అనుకున్నాను. మళ్లీ అడగలేదు కూడా.

నెగెటివ్ తిరగేసి చూశాను. మెట్లు ఉన్నాయి. గోడ ఉంది. కుడి అంచున సగం పెదనాన్న. చెవి, భుజం, మోకాలి మీద చెయ్యి, నవ్వుతున్న సగం నోరు. మొత్తం కాస్త చెదిరినట్టు. ఆ కెమెరా అద్దంలో కుడిది ఎడమగా, ఎడమది కుడిగా కనిపిస్తుంది. ఆయన ఎడమన ఉన్నట్టు అద్దం చెప్పింది, నిజానికి ఉన్నది కుడిన. నేను ఎడమకి తిప్పేకొద్దీ ఆయన దూరం జరగడానికి కారణం అదే. అది మొదటిసారి పట్టుకున్న ఎవరైనా అలాగే తిప్పుతారు.

నోట్‌బుక్కులో ప్రింటు వేయించిన ఫొటోల పక్కన ఆయన టిక్కు పెట్టేవాడు. ఆ రీల్లో మూడింటికే టిక్కులున్నాయి. పన్నెండోదానికి కూడా ఉంది.

"పెద్దమ్మా, ఈ ఫొటో..." అంటూ ఫోన్ చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి బీరువా తెరిచింది. చీరల మడతల కింద నుంచి ఒక కవరు తెచ్చింది. అరచేతిలో పట్టే చదరపు ప్రింటు. అంచులు పసుపు తిరిగాయి.

"సగం మనిషే ఉన్నాడు, ఎందుకండీ ఇది వేయించారు అని అడిగాను. ఉండనీ అన్నారు. ఎవరు తీశారో చెప్పలేదు. ఆ వయసులో ఆయన ఫొటో నా దగ్గర ఇదొక్కటే ఉందే."

వెనక పెన్సిలుతో 187/12 అని ఉంది.

ఏది ఉంచాలి, ఏది పంపాలి అన్నదానికి ఆ తర్వాత నాకు పెద్ద టెన్షన్ లేదు. ఆయన జెనిత్‌ని ఎలా చూశాడో అలాగే చూడాలనుకున్నాను. పని చెయ్యగలిగింది పని చెయ్యాలి. జెనిత్ లెన్సు, హీలియోస్ 44-2, మచ్చ లేకుండా ఉంది. 58 ఎంఎం, ఎఫ్/2. జర్మనీ జైస్ కంపెనీ పాత బయోటార్ లెన్సు నమూనా మీద చేసింది. 42 మిల్లీమీటర్ల మరతో బిగుసుకుంటుంది కాబట్టి చిన్న అడాప్టరు ఉంటే లోపల అద్దం ఉండని ఇప్పటి మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాలకి కూడా పడుతుంది. అన్నయ్య కూతురి దగ్గర అలాంటి కెమెరా ఉంది. ఇచ్చిన వారంలోనే ఒక ఫొటో పంపింది. వెనక ఆకులన్నీ సుడి తిరిగినట్టు, మధ్యలో వాళ్ల నాన్న మొహం. ఇచ్చేద్దాం అన్న అన్నయ్యే ఆ ఫొటోని ఫోన్‌లో ముందు పెట్టుకున్నాడు. జెనిత్ డొక్కు విడిభాగాల కోసం రిపేరు చేసే పెద్దాయనకి ఇచ్చాను. యాషికా షట్టరు కడిగి బాగు చేసింది ఆయనే. ఒక సెకను ఇప్పుడు ఒక సెకనే. పెంటాక్స్‌కి కొత్త స్పాంజి పట్టీలు కూడా వేశారు. అద్దం మీద నా గీతలు చూసి, "ఇది ముట్టుకోకుండా ఉండాల్సింది తల్లీ" అని మాత్రం అన్నారు.

పెంటాక్స్ కెమెరా నేర్చుకుంటున్న ఒక కుర్రాడికి ఇచ్చాం. అన్నయ్య ధర చెప్పబోతే పెద్దమ్మ వద్దంది. "లెన్సుకి మూత పెట్టడం మర్చిపోకు నాయనా" అని ఆ అబ్బాయికి నేను రెండుసార్లు చెప్పాను. మడత కెమెరా పెద్దమ్మ గదిలో అలమరలో ఉంది. నెగెటివ్‌లు, నోట్‌బుక్కులు, యాషికా నా దగ్గరికొచ్చాయి. తోలు సంచి వదిలేసి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను. నెలకోసారి బయటికి తీసి అన్ని వేగాల్లోనూ నొక్కుతాను, లోపల నూనె మళ్లీ బంక కాకుండా.

మొన్న పెద్దమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక 120 రీలు తీసుకెళ్లాను. కింద గదిలో కొత్త రీలు పెట్టి, నల్ల కాగితం కొసని లాగి, పైనున్న ఖాళీ స్పూలు గాటులో దూర్చాను. ఆయన పెట్టిన స్పూలు అదే, మార్చలేదు. కాగితం మీద బాణం గీత పక్కనున్న గుర్తుకి సరిపడేదాకా తిప్పి, తలుపు మూసి, కౌంటర్‌లో ఒకటి వచ్చేదాకా చుట్టాను. ఐదో నోట్‌బుక్కులో చివరి రీలు నంబరు 304. కొత్త పేజీ తీసి 305 అని వేశాను. పక్కన 'య'.

పెద్దమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. అద్దంలో ఎడమ పక్కన కనిపిస్తోంది. ఈసారి కుడికి తిప్పాను. మెల్లిగా మధ్యలోకి వచ్చింది.

లెన్సు మూత నా చేతిలోనే ఉంది. రెండు చేతులూ కెమెరాకి కావాలి, నాకు జేబు లేదు. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే పెద్దమ్మ చెయ్యి చాపింది. వెళ్లి ఆవిడ అరచేతిలో పెట్టి వచ్చాను. 8, 60. ఊపిరి బిగబట్టి నొక్కాను.

ఆ రీలు నిన్ననే కడిగించాను. మొదటి ఫొటోలో పెద్దమ్మ గుప్పిట మూసే ఉంది.